సంతకం ఎవరు పెట్టాలి? విదేశీ ఇంటర్న్‌షిప్‌ల విషయమై విశ్వవిద్యాలయాల విద్యామండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యామండలి సభ్యులకు, డీన్‌లకు, పరీక్షల విభాగం అధికారులకు, ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ అధికారులకు నమస్కారం.

నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని. చదువు మధ్యలో విదేశంలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇంటర్న్‌గా పనిచేసి వచ్చాను. ఏ ఒక్క కళాశాల మీదో ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. నాలాగే వెళ్లి వచ్చినవాళ్లు, అవకాశం చేతికి వచ్చి కూడా వెళ్లలేకపోయినవాళ్లు వేర్వేరు విద్యాసంస్థల్లో ఉన్నారు. వాళ్లతో మాట్లాడినప్పుడల్లా ముడి ఒకే చోట పడినట్టు కనిపించింది కనుక అందరినీ ఉద్దేశించి రాస్తున్నాను. కోడింగ్ పరీక్షలు, వరుస ఇంటర్వ్యూలు, వీసా కార్యాలయంలో ప్రశ్నలు, ఇవే అసలు కష్టమని బయటి నుంచి చూసేవారికి అనిపిస్తుంది. ఇవన్నీ దాటిన విద్యార్థులు సొంత విశ్వవిద్యాలయం నుంచి రావలసిన ఒక పత్రం కోసం సెక్షన్ల చుట్టూ తిరుగుతూ ఆఫర్ గడువు పోగొట్టుకుంటున్నారు.

ఇంటర్న్‌షిప్ అంటే విద్యార్థికీ కంపెనీకీ మధ్య వ్యవహారమని, అందులో తమ పాత్ర ఒక ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వడంతో ముగుస్తుందని విశ్వవిద్యాలయాలు అనుకుంటున్నాయి. ఆతిథ్య దేశాల చట్టాలు అలా అనుకోవడం లేదు. అవి విశ్వవిద్యాలయాన్ని ఈ వ్యవహారంలో ఒక పక్షంగా చూస్తున్నాయి. ఆ స్థానాన్ని మీరు నియమబద్ధంగా స్వీకరించాలన్నదే నా విన్నపం.

జపాన్ సంగతి చూడండి. విదేశీ విశ్వవిద్యాలయంలో చదువుతున్నవారు అక్కడి సంస్థలో జీతం తీసుకుంటూ ఇంటర్న్‌గా చేరాలంటే, ఆ పని వారి చదువులో భాగమని, దానికి క్రెడిట్లు వస్తాయని విశ్వవిద్యాలయం ధ్రువీకరించాలి. సంస్థకూ విశ్వవిద్యాలయానికీ మధ్య ఒప్పందం ఉండాలి. వ్యవధి ఒక సంవత్సరం మించకూడదు, కోర్సు మొత్తం కాలంలో సగం దాటకూడదు. క్రెడిట్లు ఇవ్వని విశ్వవిద్యాలయంలోని విద్యార్థి ఎంత ప్రతిభావంతుడైనా ఆ తలుపు దగ్గరే ఆగిపోతాడు. ఫ్రాన్స్‌లో విద్యార్థి, సంస్థ, విద్యాసంస్థ ముగ్గురూ సంతకాలు చేసిన ఒప్పందం లేకుండా ఇంటర్న్‌షిప్ అన్నదే లేదు. ఆ ఒప్పందంలో సంస్థ తరఫు మెంటర్ పేరుతో పాటు విద్యాసంస్థ తరఫున బాధ్యత వహించే అధ్యాపకుని పేరు కూడా రాయాలి. వ్యవధి రెండు నెలలు దాటితే భృతి చెల్లించడం సంస్థకు తప్పనిసరి. ఒక విద్యాసంవత్సరంలో ఒకే సంస్థలో ఆరు నెలలకు మించి ఇంటర్న్‌గా ఉంచుకోవడానికి వీల్లేదు.

జర్మనీలో విషయం ఇంకా సున్నితమైనది. 2015 జనవరి 1న అమల్లోకి వచ్చిన అక్కడి కనీస వేతన చట్టం, కోర్సులో తప్పనిసరి భాగమైన ఇంటర్న్‌షిప్‌ను కనీస వేతనం నుంచి మినహాయించింది. విద్యార్థి తన ఇష్టంతో చదువుకు తోడుగా చేసే ఇంటర్న్‌షిప్‌కు మూడు నెలల వరకే ఆ మినహాయింపు. అంతకు మించి ఒప్పందం చేసుకుంటే మొదటి రోజు నుంచే కనీస వేతనం ఇవ్వాలి. అంటే, మీ సెక్షన్‌లో టైపు చేసే లేఖలో ఈ ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని రాశారా, ఐచ్ఛికం అని రాశారా అన్నది విద్యార్థికి వచ్చే జీతాన్నే మార్చేస్తుంది. కొన్ని కంపెనీలు తప్పనిసరి ఇంటర్న్‌లనే తీసుకుంటామని ప్రకటనలోనే చెబుతాయి కాబట్టి, లేఖ గట్టిగా ఉంటుందన్న సదుద్దేశంతో లేని నిబంధనను ఉన్నట్టు రాసి ఇచ్చే విభాగాధిపతులు ఉన్నారు. అది సాయం కాదని మనవి. సిలబస్ ప్రతిని కూడా జతచేయమని అడిగితే లేఖ ఒకటి, సిలబస్ మరొకటి చెబుతున్నట్టు తేలుతుంది, దాని ఫలితం విద్యార్థి మీద పడుతుంది.

అమెరికాకు జే-1 అనే ఎక్స్‌ఛేంజ్ విజిటర్ వీసాలోని ఇంటర్న్ విభాగం కింద వెళ్లేవారు అమెరికా వెలుపలి ఉన్నత విద్యాసంస్థలో ప్రస్తుతం చదువుతూ ఉండాలి, లేదా పట్టా పొంది 12 నెలలు దాటకుండా ఉండాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇంటర్న్‌షిప్ కోసం సెమిస్టర్ మధ్యలో వెళ్తామన్న విద్యార్థులకు పేరు తీయించుకుని బ్రేక్ తీసుకోమని, తర్వాతి సంవత్సరం జూనియర్ల బ్యాచ్‌లో మళ్లీ చేరమని కొన్నిచోట్ల సలహా ఇస్తున్నారు. కార్యాలయానికి అది తేలిక. కానీ విద్యార్థుల జాబితా నుంచి పేరు తీసేసిన మరుక్షణం అతడు ప్రస్తుత విద్యార్థి కాకుండా పోతాడు. ఏ హోదా ఆధారంగా ఆ అవకాశం వచ్చిందో ఆ హోదానే పోతుంది. ఇంటర్న్‌షిప్ కాలాన్ని కోర్సులో నమోదైన సెమిస్టర్‌గానే పరిగణించే నిబంధన ఒక్కటి ఉంటే ఈ చిక్కు రాదు.

ఒప్పంద పత్రం దగ్గర ఏం జరుగుతుందో నేను దగ్గర నుంచి చూశాను. సంస్థ పంపిన ఒప్పందంలో మూడు సంతకాల గడులు ఉన్నాయి. నాది, సంస్థది పూర్తయ్యాయి. మూడో గడి కోసం మా విభాగానికి వెళ్తే ప్రిన్సిపాల్ కార్యాలయానికి పొమ్మన్నారు. అక్కడి సూపరింటెండెంట్ గారు కాగితం ఇటూ అటూ తిప్పి చూసి, "ఇది మన ఫార్మాట్ కాదమ్మా, మన లెటర్‌హెడ్ మీద మనం ఇచ్చేది వేరే ఉంటుంది" అన్నారు. ఆయన ఇచ్చిన నమూనాలో విద్యార్థి నడవడిక మంచిదని, ఇంటర్న్‌షిప్ చేయడానికి అభ్యంతరం లేదని రెండు వాక్యాలు ఉన్నాయి. సంస్థ అడిగింది నడవడిక గురించి కాదు. నన్ను పర్యవేక్షించే అధ్యాపకులు ఎవరు, వారానికి ఎన్ని గంటలు పని, ప్రమాదం జరిగితే కబురు ఎవరికి పంపాలి, నేను మధ్యలో మానేస్తే ఎవరికి తెలియజేయాలి, చివరి మూల్యాంకనం ఎవరికి చేరాలి, ఇవీ ఆ పత్రంలోని ప్రశ్నలు. ఫైలు న్యాయ సలహాదారు దగ్గరకు వెళ్లింది. ఈలోగా ఒప్పందంలో ముద్రించిన ప్రారంభ తేదీ దాటిపోతే వీసా దరఖాస్తు, బీమా, వసతి ఒప్పందం అన్నీ కొత్త తేదీలతో మళ్లీ మొదలుపెట్టాలి. చివరికి సంతకం దొరికింది, అదీ ఒక ప్రొఫెసర్ గారు స్వయంగా ఫైలు పట్టుకుని మేడ ఎక్కి దిగడం వల్ల. అంత పలుకుబడి, అంత ఓపిక ఉన్న గురువులు ప్రతి విభాగంలోనూ ఉంటారని అనుకుని వ్యవస్థను నడపలేం కదా.

అధికారుల వెనకడుగుకు ఒక న్యాయమైన కారణం ఉందని ఒప్పుకుంటాను. పరాయి దేశంలో విద్యార్థికి ఏదైనా జరిగితే ఆ బాధ్యత సంతకం పెట్టినవారి మెడకు చుట్టుకుంటుందేమోనన్న భయం అది. అయితే ఆ భయానికి సమాధానం చాలాసార్లు ఆ పత్రాల్లోనే, ఆ దేశపు నిబంధనల్లోనే ఉంటుంది. జే-1 కింద వెళ్లేవారికి ఒక్కో ప్రమాదానికి లేదా అనారోగ్యానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్య బీమా తప్పనిసరి. ఫ్రాన్స్ ఒప్పందాల్లో ప్రమాద రక్షణ ఎవరి వంతో రాసే చోటు ప్రత్యేకంగా ఉంటుంది. న్యాయ సలహాదారు చేత ఇలాంటి నమూనాలను ముందే ఒకసారి చదివించి, ఏ షరతులు సమ్మతమో, ఏవి మార్పించాలో నిర్ణయించి పెట్టుకుంటే, ఒక్కో విద్యార్థి ఫైలును ఒక్కోసారి మొదటి నుంచి చదవవలసిన పని ఉండదు.

ఇక నివేదిక సంగతి. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపరిచింది ఇదే.

టెక్ సంస్థలో చేరిన మొదటి రోజునే ఇంటర్న్ గోప్యతా ఒప్పందం మీద సంతకం చేస్తాడు. రాసిన ప్రతి లైనూ సంస్థ ఆస్తి. పని అంతా సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది. చివరి రోజు దాన్ని అప్పగించాక అందులోది ఏదీ చేతిలో ఉండదు, ఉండకూడదు కూడా. తిరిగి వచ్చాక కళాశాల ఇచ్చే నివేదిక నమూనాలో కంపెనీ ప్రొఫైల్, సిస్టమ్ ఆర్కిటెక్చర్, డేటాబేస్ పట్టికలు, సోర్స్ కోడ్, స్క్రీన్‌షాట్‌లు, ప్రతి అధ్యాయం కిందా గైడ్ సంతకం అడుగుతారు. ఇవి ఇస్తే సంస్థతో చేసుకున్న ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు. ఇవ్వకపోతే మార్కులు రావు. ఈ రెంటి మధ్య చిక్కిన విద్యార్థులు ఏం చేస్తున్నారో మీకు తెలియనిది కాదు: ఎక్కడో దొరికిన లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రాజెక్టుకు కంపెనీ పేరు తగిలించి, చేసిన పనిని దాచి, చేయని పనిని బైండింగ్ చేయించి సమర్పిస్తున్నారు. వైవాలో ఆ చేయని పని మీదే ప్రశ్నలు, దానికే మార్కులు.

గోప్యతకు భంగం లేకుండా నివేదిక రాయడం అసాధ్యమేమీ కాదు. ఉదాహరణకు, డబ్బు చెల్లింపు కోరుతూ వచ్చిన ఒక అభ్యర్థనకు జవాబు నెట్‌వర్క్ తడబాటు వల్ల అందకపోతే, అవతలి కంప్యూటర్ అదే అభ్యర్థనను మళ్లీ పంపుతుంది. రెండోసారి వచ్చినది కొత్త చెల్లింపా, పాతదే మళ్లీ వచ్చిందా అని గుర్తుపట్టకపోతే ఖాతాలో డబ్బు రెండుసార్లు కోతపడుతుంది. ప్రతి అభ్యర్థనకూ పంపేవారే ఒక ప్రత్యేక గుర్తు జతచేయడం, అందుకునేవారు ఆ గుర్తును, దానికి ఇచ్చిన జవాబును భద్రపరచి, అదే గుర్తు మళ్లీ వస్తే పని చేయకుండా పాత జవాబునే తిప్పి పంపడం దీనికి అందరికీ తెలిసిన పరిష్కారం. ఆ గుర్తును ఎంతకాలం దాచాలి, ఎక్కడ దాచాలి, దాచే పని మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నల దగ్గరే ఇంజినీరింగ్ మొదలవుతుంది. వాటి గురించి ఇంటర్న్ ఏ కంపెనీ రహస్యమూ బయటపెట్టకుండా పది పేజీలు రాయగలడు, పరీక్షకులు గంటసేపు ప్రశ్నలు వేయగలరు. అడగవలసింది అది. రాసిన ముసాయిదాను సంస్థ మేనేజర్‌కు చూపి, బయటపెట్టడానికి అభ్యంతరం లేదని ఒక ఈమెయిల్ తెచ్చుకోమని నియమం పెడితే రెండు వైపులా భద్రత ఉంటుంది.

నిజానికి అక్కడ నేర్చుకునేది మన నివేదికల నమూనాలోకి రానే రాదు. కొద్ది లైన్ల మార్పు రాసి, దాన్ని అసలు కోడ్‌లో కలపమని కోరుతూ పుల్ రిక్వెస్ట్ పెడితే, దాని మీద నా కోడ్ కన్నా పొడుగైన వ్యాఖ్యలు వచ్చాయి. పేర్లు సరిగా లేవని, పరీక్ష రాయలేదని, ఇది సగంలో ఆగిపోతే మిగతా సగం ఎవరు సర్దుతారని. ఈ చివరి ప్రశ్న మా ల్యాబుల్లో ఎవరూ ఎన్నడూ వేయలేదు. ప్రోగ్రాం ఒకసారి నడిచి సరైన అవుట్‌పుట్ ఇస్తే రికార్డులో సంతకం అయిపోతుంది. వేరొకరు ఏళ్ల క్రితం రాసిన కోడ్‌ను చదవడం, తెలియనిది తెలియదని సమావేశంలో చెప్పడం, కట్టబోయే ముందు ఎందుకిలా కడుతున్నామో డిజైన్ డాక్యుమెంట్‌లో రాసి పదిమంది విమర్శకు పెట్టడం, వెళ్లేముందు తన పనిని మరొకరు అందుకునేలా అప్పగించడం, ఇవన్నీ మూల్యాంకనానికి తగినవే. జే-1 ఇంటర్న్‌ల కోసం నింపే డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళికా పత్రంలో దశలవారీగా ఏ నైపుణ్యం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, నేర్చుకున్నట్టు ఎలా కొలుస్తారు అని రాసి, ఇంటర్న్, పర్యవేక్షకుడు, స్పాన్సర్ (ఆ వీసా కార్యక్రమాన్ని నడిపే అమెరికా సంస్థ) సంతకాలు చేస్తారు. ఆ ఇంటర్న్ చేత చేయించే పనిలో గుమస్తా పని 20 శాతం మించకూడదని కూడా నిబంధన ఉంది. ఒక ప్రభుత్వ వీసా విభాగం అడుగుతున్నంత వివరంగా కూడా మన ఇంటర్న్‌షిప్ ఫారాలు అడగడం లేదు. వాటిలో ఉండేవి తేదీలు, హాజరు, "పనితీరు సంతృప్తికరం" అన్న గడి.

ఇదంతా ఎక్కడా జరగని విడ్డూరమేమీ కాదు. చదువునూ పనినీ మార్చిమార్చి నడిపే పద్ధతిని అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ 1906లోనే ప్రవేశపెట్టారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఇంజినీరింగ్ విద్యార్థులతో మొదలైనప్పుడే ఈ పద్ధతిలో మొదలైంది. అక్కడ పని కాలం కోర్సు నిర్మాణంలోనే ఉంటుంది, యజమాని ఇచ్చే మూల్యాంకనం విద్యార్థి రికార్డులోకి వస్తుంది, ఈ పనులు చూడటానికే సిబ్బంది ఉంటారు.

క్యాలెండర్ గురించి కొద్దిగా. ఉత్తరార్ధగోళంలోని టెక్ సంస్థల వేసవి ఇంటర్న్‌షిప్‌లు సాధారణంగా మే, జూన్ నెలల్లో మొదలై పది పన్నెండు వారాలు సాగుతాయి. పెద్ద సంస్థలు వాటికి దరఖాస్తులను అంతకు ముందటి ఆగస్టు, సెప్టెంబరు నెలల నుంచే తీసుకుంటాయి. జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో నడిచే ఓపెన్‌ల్యాబ్ వేసవి కార్యక్రమం తొమ్మిది వారాలది. ఇలాంటి చోట్ల విద్యార్థి కొన్ని నెలల ముందే చేరే తేదీకి కట్టుబడాలి. మన పరీక్షల తేదీలేమో చివరి వారాల్లో మారుతుంటాయి. పరీక్షలు ఈ తేదీ తర్వాత ఉండవని సంవత్సరం ముందే ప్రకటించి దానికి నిలబడటం, ప్రాజెక్టు వైవాను వీడియో ద్వారా జరపడానికి అనుమతించడం, హాజరు లెక్కలో ఇంటర్న్‌షిప్ రోజులను పని దినాలుగా చూడటం, ఇవి ఒక సర్క్యులర్‌తో అయ్యే పనులు.

డబ్బు విషయం మీ పరిధి కాదని అనుకోవచ్చు గాని, నా అభిప్రాయంలో అది కూడా మీదే. మంచి ఇంటర్న్‌షిప్‌కు జీతం వస్తుంది, కానీ అది మొదటి నెల పని చేశాక వస్తుంది. విమాన టికెట్టు, వసతి అడ్వాన్సు, వీసా రుసుము, జే-1 వారికైతే వారి వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌కు 220 డాలర్ల రుసుము, స్పాన్సర్ సంస్థ రుసుము, ఇవన్నీ జీతం కన్నా ముందే కట్టాలి. ఇంట్లో ఆ డబ్బు ఉన్న విద్యార్థే వెళ్లగలిగితే, ఇంటర్వ్యూలో నెగ్గిన ప్రతిభకు అర్థం లేదు. తిరిగి చెల్లించే షరతు మీద విశ్వవిద్యాలయం ఒక చిన్న నిధి నుంచి ప్రయాణపు అడ్వాన్సు ఇవ్వవచ్చు. జీతం వచ్చే విద్యార్థి తీర్చగలడు.

ఇంకో మాట. విదేశీ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని విద్యార్థుల దగ్గరే వేలకు వేలు వసూలు చేసే ఏజెన్సీలకు సెమినార్ హాళ్లు ఇవ్వకండి. వేదిక మీద డీన్ గారు కూర్చున్నారంటే విద్యార్థులు దాన్ని విశ్వవిద్యాలయం పూచీగానే తీసుకుంటారు. జే-1 స్పాన్సర్ల జాబితాను అమెరికా విదేశాంగ శాఖ బహిరంగంగా ఉంచుతుంది. ఏజెన్సీ చెప్పిన పేరు అందులో ఉందో లేదో ప్లేస్‌మెంట్ సెల్‌లో ఎవరైనా కొన్ని నిమిషాల్లో చూడవచ్చు. 1948 నుంచి దేశాల మధ్య సాంకేతిక విద్యార్థుల శిక్షణ అవకాశాలను ఇచ్చిపుచ్చుకుంటున్న ఐఏఈఎస్‌టీఈ వంటి సంస్థలతో విశ్వవిద్యాలయ స్థాయిలో సంబంధం పెట్టుకోవడం విద్యార్థులకు ఎంతో మేలు చేస్తుంది. ఇల్లు కదలకుండా విదేశీ మెంటర్ల దగ్గర పనిచేసే ఔట్‌రీచీ, 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ వంటి కార్యక్రమాలకు కూడా క్రెడిట్లు ఇచ్చే వీలు కల్పించండి. రెండోదాన్ని ఇంటర్న్‌షిప్ అనకూడదని నిర్వాహకులే చెబుతారు, కాబట్టి మీ నిబంధనలో దానికి వేరే వర్గం కావాలి. పైగా అక్కడ రాసే కోడ్ అంతా బహిరంగమే. గోప్యత పేచీ లేకుండా ప్రతి లైనూ పరీక్షకులు చదువుకోవచ్చు.

వెళ్లినవాళ్లు తిరిగి రారని, చదువు మీద శ్రద్ధ పోతుందని సమావేశాల్లో అంటుంటారని విన్నాను. ఇంటర్న్‌షిప్ వీసాలు కాలపరిమితితోనే వస్తాయి, పట్టా చేతికి రావాలంటే తిరిగి రావలసిందే. శ్రద్ధ సంగతికి వస్తే, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ పాఠాలను నేను తిరిగి వచ్చాకే సరిగా చదివాను. ఎందుకు చదవాలో అక్కడ తెలిసింది.

వచ్చే సంవత్సరపు ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి. అంతకు ముందు జరిగే మీ సమావేశపు ఎజెండాలో క్రెడిట్ల నిబంధనను, గోప్యతకు లోబడిన నివేదిక నమూనాను చేర్చాలని, ఇంటర్న్‌షిప్ ఒప్పందాల మీద విశ్వవిద్యాలయం తరఫున సంతకం చేసే అధికారి ఎవరో, దరఖాస్తు అందిన ఎన్ని పని దినాల్లో సంతకం చేస్తారో ఉత్తర్వుగా ప్రకటించాలని కోరుతున్నాను. ఆ అధికారి సెలవులో ఉన్నప్పుడు ఎవరు సంతకం చేస్తారో కూడా దయచేసి అదే ఉత్తర్వులో రాయండి.

ఇట్లు,
విధేయురాలు,
ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని